ప్లేస్‌మెంట్ గదిలో మా చోటు

యూనివర్సిటీల్లో ప్లేస్‌మెంట్ సెల్ అని ఒక గది వుంటుంది. చదువు పూర్తవుతున్న పిల్లలకి ఉద్యోగమో, పైచదువో చూపించటం దాని పని. ప్లేస్‌మెంట్ అంటే చోటు చూపించటమే గదా! వూరు మాకు ఎక్కడ చోటు చూపించిందో కొత్తగా చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ ఎక్కడ చూపిస్తోందన్నదే యిప్పుడు మా ప్రశ్న. అడ్మిషన్ల మీద, హాస్టళ్ళ మీద, స్కాలర్‌షిప్పుల మీద మనం చాలా రాశాం, కొట్లాడాం. బయటికి పోయే గుమ్మం గురించి తక్కువ మాట్లాడాం.

ఈ గది తనని తాను తటస్థం అనుకుంటుంది. 'కంపెనీ అడిగింది, మేం పంపాం, ఎంపిక వాళ్ళిష్టం' అంటుంది. ఆ తటస్థత ఏపాటిదో అది నింపించే ఫారం చూస్తే తెలుస్తుంది. పదో తరగతిలో 60 శాతం, ఇంటర్లో 60 శాతం, డిగ్రీలో 60 శాతం, మధ్యలో చదువు ఆగి వుండకూడదు - చాలా కంపెనీల తొలి షరతులు యివే. ఎం.సి.ఎ. చదువుతున్న అమ్మాయిని పదో తరగతి మార్కులు అడగటమంటే ఏమిటి? ఆమె యిప్పుడేం నేర్చుకుందని కాదు. పదిహేనేళ్ళప్పుడు ఏ బళ్ళో కూచుంది, యింట్లో చదువు చెప్పేవాళ్ళున్నారా అని అడగటం. మధ్యలో ఒక ఏడాది ఎందుకు పోయింది? పత్తి చేలో కూలికి పోయింది గనక. ఆ ఏడాదికి ఫారంలో గడి లేదు. మేనమామ కంపెనీలో చేసిన ఇంటర్న్‌షిప్‌కి వుంది. కూలిపని అనుభవం కాదు, చుట్టరికం అనుభవం! దీని పేరే మెరిట్.

యిది మా అక్కసు కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2005 అక్టోబరు నుంచి 66 వారాలపాటు పేపర్లలో ప్రకటనలు చూసి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లే వేరు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపొచ్చే అవకాశం మూడింట రెండొంతులే, ముస్లిం పేరుకి మూడో వంతే అని 2007లో ప్రకటించారు. అదే ఏడాది అశ్వినీ దేశ్‌పాండే, కాథరీన్ న్యూమన్ ఢిల్లీ యూనివర్సిటీల విద్యార్థుల మీద, సురీందర్ జోధ్కా, న్యూమన్ కంపెనీల హెచ్.ఆర్. మేనేజర్ల మీద వ్యాసాలు రాశారు. మెరిట్ తప్ప మరేదీ చూడమన్న నోళ్ళే 'కుటుంబ నేపథ్యం' అడుగుతాయని వీటితో తేలిపోయింది.

ఇవి మనకి పనికొచ్చే ఆయుధాలు. కానీ కంపెనీని తప్పుపట్టి వూరుకుంటే సరిపోదు. ఆ కంపెనీకి కుర్చీ వేసి, టీ యిచ్చి, జాబితా చేతిలో పెట్టేది యూనివర్సిటీయే. జనం సొమ్ముతో నడిచే ఆవరణలో కూచుని 'మీ నాన్న ఏం చేస్తాడు?' అని అడుగుతుంటే బాధ్యత ఎవరిది? రాజ్యాంగంలోని 16(4) ప్రైవేటు కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతుంది. 2006లో పరిశ్రమల సంఘాలు రాసుకున్న నియమావళి వాళ్ళిష్టం మీద నడిచేదే గాని చట్టం కాదు. కాబట్టి నిలదీయటానికి మనకి దగ్గర్లో వున్నది ఈ గది గుమ్మమే.

పైచదువుల సంగతీ అంతే. దళితుల విదేశీ చదువుకి కేంద్రం యిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నాటిది. 2022 మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనని అందులోంచి తీసేశారు. అంటే బయటికి పోయి కులాన్ని చదవొద్దని! బరోడా స్కాలర్‌షిప్ మీద 1913లో కొలంబియా వెళ్ళిన అంబేద్కర్ 1916లో అక్కడ చదివిన పత్రం కులాల మీదే. ఆయనే 1917లో బరోడా కొలువుకి వస్తే వుండటానికి యిల్లు దొరకలేదు. చదువుంది, కొలువుంది, చోటు లేదు.

తెలుగు రాష్ట్రాల్లో యింకో ముడి వుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తాయి. ఆఫర్ లెటర్ పిల్లాడి చేతిలో, ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో. బాకీ సర్కారుది, తాకట్టు మా పిల్లల కాగితాలు!

అందుకని మేం అడిగేవి యివి. పదో తరగతి, ఇంటర్ మార్కుల షరతు పెట్టే కంపెనీని ఆవరణలోకి రానివ్వొద్దు. కుటుంబం, కులం ఆరా తీసే ఇంటర్వ్యూని ఆపాలి. ఎవరెవరికి ఉద్యోగాలొచ్చాయో పేర్లు లేకుండా, సామాజిక వర్గాల వారీగా ఏటా ప్రకటించాలి. విదేశీ యూనివర్సిటీల దరఖాస్తు రుసుం పేద విద్యార్థి తరఫున సెల్లే కట్టాలి. ఆగిపోయిన సర్టిఫికెట్ విడిపించే పని దానిదే కావాలి.

మన సంఘాల తప్పు కూడా వొప్పుకుందాం. ఏప్రిల్ 14న సభ పెడతాం, గొంతెత్తి మాట్లాడతాం. జూనియర్ కి ఒక దరఖాస్తు ఎలా రాయాలో కూచోబెట్టి చెప్పం. వాళ్ళకి ఆ పని యింట్లో బాబాయి చేసిపెడతాడు. మన పిల్లలకి ఆ బాబాయి ఎవరు? సెల్ మారేదాకా మనమే కావాలి. మనం చేస్తూనే సెల్ చేత చేయించాలి.