ఎడ్వర్డ్ మరో: చూసింది వేరు, విన్నది వేరు

రెండో ప్రపంచ యుద్ధకాలం, 1940 ఆగస్టు 24 రాత్రి. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర నిలబడి మాట్లాడుతున్న అమెరికా రేడియో సంస్థ సీబీఎస్ విలేఖరి ఎడ్వర్డ్ మరో మైకును పేవ్‌మెంటు మీదికి దించాడు. అప్పటికే వైమానిక దాడి సైరన్ కూసింది. షెల్టర్లకు పోయే జనం బూట్ల చప్పుడు సముద్రం దాటి అమెరికా ఇళ్లలో వినిపించింది. ఆ అడుగుల్లో పరుగు లేదు. లండన్ జనం బెదరలేదని ఆయన నోటితో చెబితే నమ్మాలా వద్దా అని శ్రోత ఆలోచించేవాడు. చెవిన పడ్డదాన్ని కాదనేదెలా?

ఆయన మనసు బ్రిటన్ వైపే మొగ్గి ఉండేది, అది దాచినా దాగేది కాదు. మైకు ఎక్కడ పెట్టాలన్న నిర్ణయంలోనూ ఆ మొగ్గు కొంత ఉంది. అయితే వినిపించిన చప్పుడు మాత్రం అసలుదే. అప్పట్లో అమెరికా పెద్ద నెట్‌వర్కులు వార్తల్లో రికార్డింగులు వాడనిచ్చేవి కావు. ఇటు బ్రిటిష్ సెన్సారువాళ్లకేమో, బాంబులు పడుతుండగా ఈ మనిషి మేడెక్కి చేతిలో రాత లేకుండా ఏం మాట్లాడతాడోనని భయం. ముందు నమూనా రికార్డింగులు చేసి వినిపించాకే మేడ మీంచి ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి ఇచ్చారు.

ఆయన పనితనమంతా ఒక్కచోట చూడాలంటే మాత్రం 1945 ఏప్రిల్ 15 నాటి బూఖెన్‌వాల్డ్ ప్రసంగమే వినాలి. నాజీల నిర్బంధ శిబిరం అది. 12న వెళ్లి చూశాడు, మూడు రోజులు ఆగి మాట్లాడాడు. ఒకప్పుడు 80 గుర్రాలు కట్టిన సాలలో 1,200 మంది మనుషులున్నారు. గత నెలలో ఇక్కడ ఎందరు పోయారని అడిగాడు. డాక్టరును పిలిపించారు. ఆయన దగ్గరి చిన్న నల్ల పుస్తకంలో పేర్లున్నాయి, చనిపోయినవారి పేర్ల పక్కన శిలువ గుర్తులున్నాయి. ఎడ్వర్డ్ మరో వాటిని తానే లెక్కపెట్టాడు: 242. ఎవరో చెప్పిన అంకె కాదని, ఎలా తేలిందో శ్రోతకు విప్పి చూపించాడు. పేర్చిన శవాల దగ్గరికి వచ్చేసరికి స్వరం మారదు గానీ మాట మారుతుంది. చేతనైనంత లెక్కపెట్టానని, 500కు పైగా ఉంటాయని తేల్చుకున్నానని అంటాడు. ఒకటి లెక్క, ఇంకొకటి అంచనా. అంత ఘోరం ఎదుట కూడా ఆ రెంటినీ కలిపేయలేదు. విశేషణాలు తక్కువ. ఎలాంటి అలంకారమైనా అక్కడ అసహ్యంగానే ఉండేది.

ఆ ప్రసంగం రికార్డు నేటికీ దొరుకుతుంది. వినేటప్పుడు ఏది చూశానన్నాడో, ఏది విన్నానన్నాడో, ఏది లెక్కపెట్టానన్నాడో విడివిడిగా గమనించండి.