అమ్మకూడని, కొనకూడని బల్లులు

మా పెరట్లో జాలీ గూట్లో ఉన్న ఆకుపచ్చ బల్లులు నావి కావు. 1953 నాటి న్యూజిలాండ్ వన్యప్రాణి చట్టం రక్షణ ఇచ్చిన జీవి ఎవరి ఇంట్లో ఉన్నా ప్రభుత్వానిదే. నా దగ్గరున్నది పెంచుకునే పర్మిట్ మాత్రమే. దాన్నిచ్చేది ప్రకృతి పరిరక్షణ శాఖ. ఇక్కడందరూ డాక్ అంటారు. అడవిలోంచి పట్టుకు రాకూడదు. డబ్బిచ్చి కొనకూడదు, డబ్బు తీసుకుని ఇవ్వకూడదు. పర్మిట్ ఉన్న మరొకరి గూట్లో పుట్టిన పిల్లల్ని అడిగి తెచ్చుకోవాలి. ఎన్ని పుట్టాయి, ఎన్ని పోయాయి, ఏవి ఎవరింటికి వెళ్లాయి, అన్నీ రాసి శాఖకు లెక్క చెప్పాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ నిబంధనే. డబ్బు పక్కకు తప్పుకున్నాక, ఆ జీవి మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లే మిగులుతారు.

ఆక్లాండ్‌లో తెలుగువాళ్లు ఇంటికొస్తే ముందు అడిగేది ఒకటే: “బల్లిని పెంచుకోవడమేంటండీ?” వాళ్లను తప్పుపట్టను. మనకు బల్లంటే శకునం. తల మీద పడితే ఏమవుతుందో, భుజం మీద పడితే ఏమవుతుందో పంచాంగంలో పట్టికే ఉంటుంది. కంచి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వచ్చిన వాళ్లకు ఆ దోషం అంటదని నమ్మకం. ఇక్కడి మూలవాసులైన మావోరీల పెద్దలకూ బల్లంటే భయమే. ఆకుపచ్చ బల్లి నోరు తెరిచి కూస్తే నవ్వినట్టు ఉంటుంది. ఆ నవ్వు కీడుకు సూచన అనుకునేవారు. ఇంత దూరపు రెండు జాతులకు ఒకే జీవి మీద ఒకే రకం భయం ఉండటం నాకు ఇప్పటికీ వింతే.

నా దగ్గరున్నది ఆక్లాండ్ ఆకుపచ్చ బల్లి, నాల్టినస్ ఎలిగన్స్. మన గోడ మీది బల్లికీ దీనికీ పోలిక చాలా తక్కువ. ఇది పగలు తిరుగుతుంది. గోడలు పట్టదు, కొమ్మలు పడుతుంది. తోకను రెమ్మకు చుట్టి పట్టు చిక్కించుకున్నాకే ముందుకు కదులుతుంది. రెప్పలు లేవు కాబట్టి నాలుకతోనే కళ్లు తుడుచుకుంటుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. న్యూజిలాండ్ బల్లులన్నీ అంతే. ప్రపంచంలో మిగతా బల్లి జాతులు దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే.

పెంపకమంటే ముందు మొక్కల పెంపకం. మానుక, కానుక, కొప్రోస్మా పొదలు గూట్లో నాటి, అవి దట్టంగా అల్లుకున్నాకే బల్లి సంగతి. దక్షిణార్ధగోళం కాబట్టి ఇక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుంది. గూడు ముఖం అటే ఉండాలి. ఎండ పడే కొమ్మ, దాని పక్కనే నీడ పడే కొమ్మ రెండూ ఉంటే, ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో అదే చూసుకుంటుంది. ఇంట్లో గాజుపెట్టెలో దీపం కింద పెంచడం నాకు నచ్చదు. ఈ దేశపు బల్లికి రాత్రి చలి కావాలి, శీతాకాలమూ కావాలి. జాలీ మాత్రం చిట్టెలుక దూరలేనంత సన్నంగా ఉండాలి. చలికి బిగుసుకుపోయి కదలలేని బల్లిని చిట్టెలుక కూడా కొరుక్కు తింటుంది.

నీళ్లు గిన్నెలో పెడితే పట్టించుకోదు. ఆకుల మీద చల్లితే చుక్క చుక్కా నాకుతుంది. గాలిలో తేమ తగ్గితే కుబుసం వేళ్ల దగ్గర ఊడక బిగుస్తుంది, వేలే పోవచ్చు. తిండికి ఈగలు, రెక్కల పురుగులు. ఈగలను డబ్బాలో పొదిగించి, వాటికి తేనె, పుప్పొడి పెట్టి, కాల్షియం పొడి అద్ది వదులుతాను. ఈగ ఏం తిన్నదో అదే బల్లికి చేరుతుంది మరి. ఇంత చేసినా పొద్దున కాఫీ తాగుతూ గూటి ముందు కూర్చుంటే బల్లి కనపడదు. ఆకుల్లో ఆకులా ఉంటుంది. ఈ వెతుకులాటే నాకు అలవాటైన సుఖం. ఒక కొమ్మను అంతసేపు చూడటం మరే పనీ నాకు నేర్పలేదు.

ఒక కాన్పుకు రెండే పిల్లలు, అదీ ఏడాదికొకసారి. చలి ప్రాంతాల జాతుల్లో అంతకన్నా ఆలస్యం. ఆయుష్షు మాత్రం దీర్ఘం. కాంటర్బరీ తీరాన మోటునావు ద్వీపంలో 1960లలో గుర్తు పెట్టి వదిలిన బల్లులు కొన్ని ఈమధ్య కూడా బతికే కనిపించాయి. వాటి వయసు కనీసం 60 ఏళ్లు. పుట్టుక ఇంత నిదానం కాబట్టే దొంగతనం వీటిని కోలుకోనివ్వదు. 2009 డిసెంబరులో క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో ఒక జర్మన్ ప్రయాణికుణ్ణి పట్టుకున్నారు. లోదుస్తుల్లో దాచిన బల్లులు, నలికిరిలు కలిపి 44. కోర్టు 14 వారాల జైలు, 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఒక పొదల గుట్ట నుంచి పెద్ద ఆడబల్లులు పదో పన్నెండో పోతే అక్కడ మళ్లీ అన్ని పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో ఊహించండి. 2013లో నాల్టినస్ జాతులన్నిటినీ వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో చేర్చారు. దాంతో అంతర్జాతీయ వ్యాపారానికి కళ్లెం బిగిసింది.

గూట్లో బల్లి అడవిలో బల్లిని కాపాడుతుందా? నేరుగా కాపాడదు. దాన్ని చంపేవి ఎలుకలు, ముంగిసల్లాంటి స్టోట్లు, పిల్లులు. అందుకే గూటి పనితో పాటు మా వీధి వెనకున్న పొదల్లో ఎలుకబోన్లు సర్దడమూ నా పనే. ఈ దేశం 2050 నాటికి వీటిలో ఎలుకలను, స్టోట్లను తుడిచేయాలని 2016లో సంకల్పం చెప్పుకుంది. పెంచేవాళ్లం ఇచ్చేది వేరు: చూలు ఎంతకాలం మోస్తుంది, ఏ నెలలో తిండి మానేస్తుంది, ఏ రంగు కుబుసానికి ముందొస్తుంది, ఇవన్నీ రాసిన నోటుపుస్తకాలు. ఏ ప్రాంతపు వంశమో తెలియని బల్లిని మరో చోటి బల్లితో జతకట్టించం. ఆ క్రమశిక్షణ తప్పితే లెక్కంతా వృథా.

పెంపకానికి ఇంత క్రమశిక్షణ కావాలి కాబట్టే, తిరుపతిలో మా బంధువుల కుర్రాడు బంగారు బల్లి అనే జాతిని పెంచుకోవచ్చా అని అడిగితే వద్దన్నాను. శేషాచలం కొండల్లో ఉండే ఆ బల్లిని 1870లో ప్రకృతి పరిశోధకుడు బెడోమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మన 1972 వన్యప్రాణి చట్టం దాన్ని మొదటి షెడ్యూల్‌లో పెట్టింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది రాతిసందుల జీవి. ఆడవి చాలా కలిసి ఒకే రాతిగోడకు గుడ్లు అంటిస్తాయి, మళ్లీ అక్కడికే వస్తాయి. ఆ గోడను ఇంటికి తేలేం. వాడికి ఒక బైనాక్యులర్ పంపిస్తానని చెప్పాను. తలకోన వెళ్లే దారిలో రాళ్ల మీద దూరం నుంచే చూడమన్నాను. ఏం కనిపించిందో తేదీతో రాసి పెట్టుకోమన్నాను.

ఈ ఏడాది మా గూట్లో పుట్టిన పిల్లలు హామిల్టన్‌లో కొత్తగా పర్మిట్ తెచ్చుకున్న ఒక ఉపాధ్యాయురాలికి వెళ్తున్నాయి. మొక్కలు కుదురుకున్నాయా అని పోయినవారం అడిగితే ఫొటోలు పంపింది. మానుక ఇంకా పలచగా ఉంది. వచ్చే వసంతానికి చూద్దామన్నాను.