నీడ పడ్డ ఫొటోలు

సాయంత్రపు ఎండలో తీసిన పాత విహారయాత్ర ఫొటోల్లో తరచుగా ఒక నీడ కనిపిస్తుంది. కింది అంచు నుంచి సాగి వచ్చి, ముందు వరుసలో కూర్చున్న పిల్లల చెప్పుల దగ్గర ఆగుతుంది. మోచేతులు రెండూ పక్కలకు పొడుచుకొచ్చి, మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. తీసేవాడి వీపు సూర్యుడి వైపు ఉండాలన్నది ఆ రోజుల్లో కెమెరా పట్టిన ప్రతివాడికీ తెలిసిన సూత్రం. దాన్ని తు.చ. తప్పకుండా పాటించిన నాన్న, చూసుకోకుండానే బొమ్మలోకి వచ్చేశాడు. పనితనం తెలిసినవాళ్లు దీన్ని దోషమంటారు. నాకు మాత్రం ఆ ఫొటో ప్రాణమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు. చెప్పిన మాట కన్నా దాని వెనక స్ఫురించేదే గొప్పదని ఆయన పక్షం. కుటుంబ ఆల్బమ్ చూడటానికి ఇంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు. పైకి చెప్పే వాచ్యం ఏముంది? నాగార్జునసాగర్ వెళ్లాం, గేట్లు ఎత్తి ఉన్నాయి. అంతే. ధ్వని వేరే ఉంది: అమ్మ చూపు లెన్సు దాటి కెమెరా పట్టుకున్న మనిషి మీద ఉంది. ‘ఇంకా ఎంతసేపండీ, పిల్లలకు ఆకలేస్తోంది’ అన్న మాట పెదవి చివర ఆగి ఉంది. ఇదే అమ్మను స్టూడియోలో రంగు తెర ముందు నిలబెడితే కొయ్యబారిపోయేది. ఎవరు తీస్తున్నారన్నది ఎదుటివాళ్ల ముఖాల్లో పడుతుంది. ఫొటోలో లేని నాన్న వాళ్లందరి ముఖాల్లోనూ ఉన్నాడు.

నాగార్జునసాగర్‌కు 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత కృష్ణకు వరదొచ్చి గేట్లెత్తారని పేపర్లో పడితే చాలు, హైదరాబాదు నుంచీ గుంటూరు నుంచీ జనం పులిహోర పొట్లాలతో బయల్దేరేవాళ్లు. అలాంటి ఫొటో ఒకటి నా ముందుంది. అరచేతి కన్నా చిన్నది, చుట్టూ తెల్లటి అంచు. అగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలుకు 12 బొమ్మలే, అన్నీ చదరాలు. డ్యామ్ దగ్గర ఎన్ని వాడాలి, నాగార్జునకొండ లాంచీ కోసం ఎన్ని దాచాలి అన్న లెక్క నడుస్తూనే ఉంటుంది. అందుకే అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వెనక నీళ్లు వివరమేమీ లేని తెల్లని మచ్చగా మిగిలాయి. అదీ మంచిదే అయింది. కంటికి వేరే పని లేక, పెద్దమ్మాయి జడలో ఊడిపోతున్న రిబ్బను మీద నిలుస్తుంది. ఎడమ అంచున టిఫిన్ క్యారియర్ సగం తెగింది. కుడి అంచున ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన, మొక్కజొన్న పొత్తు నోటి దాకా తెచ్చి, సరిగ్గా మనవైపే చూస్తున్నాడు. ఆయన పేరెవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు.

తెచ్చి పెట్టుకున్న పోజు కన్నా, పిలవకుండా వచ్చినవే ఇంత రుచిగా ఎందుకుంటాయో! ఫ్రాన్సులో ఝాక్ ఆన్రీ లార్తీగ్ అనే కుర్రాడు చిన్నప్పుడే కెమెరా పట్టి, ఇంట్లోవాళ్ల ఆటపాటల్నీ సముద్రతీరాల్నీ తీసుకుంటూ పోయాడు. అవి 1963లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం గోడలకెక్కాయి. మెట్ల మీంచి గాల్లోకి దూకిన కజిన్ ఒకావిడ ఆ ఫొటోలో ఇంకా నేల మీదికి దిగలేదు. ఆమె కూడా ఎవరి వదినో, ఎవరి అత్తయ్యో కదా.

రంగులొచ్చాక మరో అందం మొదలైంది, ఎవరూ కోరనిది. 1970లు, 80ల నాటి రంగు ప్రింట్లలో చాలావాటికి సయాన్ పొర ముందుగా వెలిసిపోతుంది, ఎరుపు మిగులుతుంది. దాంతో విశాఖ రామకృష్ణా బీచ్‌లో సముద్రం ఇటుకరంగుకు తిరిగింది. ఆకాశానికీ అత్తయ్య చీరకీ తేడా తగ్గింది. స్కాన్ చేసేవాళ్లు ఒక్క నొక్కుతో నీలం తెప్పిస్తారు. తెప్పించుకోండి, కానీ ఎర్రబడ్డ కాపీ కూడా ఉంచండి. ఆ సముద్రం ఇంకెక్కడా లేదు. జిగురు పేజీల ఆల్బమ్‌లలో ఉన్నవైతే ముందు బయటికి తీయాలి, అతుక్కుపోయి చిరుగుతాయి. నల్లట్ట పేజీలు, నాలుగు మూలలకు కార్నర్లు, మధ్య సాలెగూడు అచ్చున్న బటర్ పేపర్ ఉన్న పాత ఆల్బమే ఎంతో మేలు. ఆ కాగితం ఎత్తుతుంటే వచ్చే గరగర చప్పుడుకు నేను సగం పడిపోతాను.

ఫోన్ కెమెరాను తిట్టడం సులువు. నిజానికి సెల్ఫీ పుణ్యమా అని తీసేవాడు మొదటిసారి పూర్తి ముఖంతో బొమ్మలోకి వచ్చాడు, చాచిన చెయ్యితో సహా. అది న్యాయమే. అయితే ఫోన్ తెరలో ప్రతివాడూ తన ముఖాన్నే చూసుకుంటాడు. అమ్మ చూపు ఇదివరకు వెళ్లిన చోటికి ఇప్పుడు వెళ్లదు. ఒకే అలకు వంద ఫొటోలు ఉండటం కన్నా నాకు ఇదే పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

అన్నిటి కన్నా నాకు ఇష్టమైనవి గుండ్ల ఫొటోలు. తిరుమల కల్యాణకట్ట నుంచి బయటికొచ్చి, గుండ్లకు గంధం పూసుకుని, గోపురం వెనక పడేలా వరసగా నిలబడతారు. తాతయ్య, బాబాయి, పిల్లలు, మొక్కు ఉన్న మేనత్త. జుట్టు పోగానే ముక్కులూ చెవులూ బయటపడి, ఎవరు ఎవరి పోలికో ఒక్కసారిగా తెలిసిపోతుంది. తాతయ్య చెవి మనవడికి అతికించినట్టుంటుంది. గంధం తడి ఆరనిచోట గుండు మెరుస్తుంది, ఆరినచోట బీటలు వారి ఉంటుంది. ఎవరి పక్కన ఎవరున్నారో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాసి ఉంచితే బాగుండేది. రాయలేదు. తాతయ్య చంకలో ఏడుస్తున్న గుండు తనదేనని ఇద్దరు అన్నదమ్ములు పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా వాదించుకుంటారు. అది తన గుండని వాళ్ల చెల్లెలు ఈమధ్యే బయటపెట్టింది.