పక్షిశాలలో ఎవరి పక్కన ఎవరు?

పక్షుల్ని పెంచాలన్న కోరిక కలగగానే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది రామచిలుక. అక్కడే ఆగాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలుకను కొన్నా, అమ్మినా, పంజరంలో పెట్టినా నేరమే. మునియాలదీ అంతే. ఎర్ర మునియాలు ఒకప్పుడు అహ్మదాబాద్ నుంచి ఐరోపా పంజరాలకు ఎగుమతయ్యేవి. ఆ కాలం పోవడమే మంచిదైంది. పక్షులకు ఆకాశంలో స్వేచ్ఛగా ఎగిరే హక్కు ఉందని 2011లో గుజరాత్ హైకోర్టు కూడా అంది. రామచిలుక మీద మనసుంటే పెరట్లో జామచెట్టు నాటండి, అదే వస్తుంది.

సూరత్ మగ్గాల మీద బతుకు కట్టుకున్న తెలుగు కుటుంబానికి కామ్‌రేజ్ వైపు కాస్త జాగా దొరికి, పక్షిశాల కట్టాలనుకుంటే, ఎంచుకోవాల్సింది తరతరాలుగా మనుషుల దగ్గరే పుట్టి పెరిగిన విదేశీ జాతుల్నే. బడ్జీలు, కాకటీల్‌లు, జీబ్రా ఫించ్‌లు, బెంగాలీ ఫించ్‌లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. లవ్‌బర్డ్స్‌లో గులాబీ ముఖం రకానికి మాత్రమే ఆ వెసులుబాటు. ఫిషర్స్ లవ్‌బర్డ్, సన్ కన్యూర్, జావా పిచ్చుక, ఆఫ్రికన్ గ్రే చిలుక అయితే కేంద్ర ప్రభుత్వ 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. దుకాణదారు ఈ మాట చెప్పకపోవచ్చు, మీరే అడగాలి.

ఆ తర్వాత చూడాల్సింది రంగు కాదు, ముక్కు. వంకర ముక్కు పక్షి కొరుకుతుంది, కోపమొస్తే పక్కదాని కాలివేళ్లు కూడా. ఫించ్ కాళ్లు అగ్గిపుల్లల్లాంటివి. ఒకే గదిలో బడ్జీలనూ ఫించ్‌లనూ కలిపి చూపించే దుకాణాలున్నాయి. చూడ్డానికి ముచ్చటే కానీ గూళ్లు కట్టే రోజులొస్తే రక్తం కారుతుంది. లవ్‌బర్డ్స్ మరీ పెంకివి, వాటికి విడి గది తప్పదు. కాకటీల్ ఒంట్లో బడ్జీకంటే పెద్దదైనా సాధువు. చోటుంటే ఈ రెండూ సర్దుకుపోతాయి.

మొదటిసారి పెంచేవాళ్లకు నా ఓటు ఫించ్‌లకే. బెంగాలీ ఫించ్ అడవిలో ఎక్కడా కనిపించదు, మనిషి పెంపకంలో రూపుదిద్దుకున్న పక్షి. జపాన్‌లో దాన్ని తీర్చిదిద్దారు. ఇతర ఫించ్‌ల గుడ్లను కూడా పొదిగి, పిల్లల్ని సాకేంత శాంతం దానిది. జీబ్రా ఫించ్‌కు గూటి పిచ్చి ఎక్కువ. ఎండుగడ్డి అందుబాటులో ఉంటే పెట్టిన గుడ్ల మీదే మళ్లీ గూడు అల్లేస్తుంది. అందుకని గూడు పూర్తవగానే గడ్డి తీసేయాలి. ఏడాది పొడవునా గుడ్లు పెడుతూ ఆడపక్షి నీరసించిపోకుండా గూళ్లే తీసేసి విశ్రాంతి ఇవ్వాలి.

లెక్క కూడా ముఖ్యం. బడ్జీల్లో ఎదిగిన మగదానికి ముక్కు పైభాగం నీలం, ఆడదానికి గోధుమ రంగు (తెల్లవి, పసుపువి అయితే మగదాని ముక్కు ఊదా చాయలోనే ఉండిపోతుంది). జత లేని ఒక్క ఆడ బడ్జీ గూళ్లన్నిటి మీదా దండెత్తుతుంది. జతకు రెండేసి గూళ్లు, అన్నీ ఒకే ఎత్తులో కడితే పోట్లాట తగ్గుతుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గదిలో నాలుగు జతల ఫించ్‌లు చాలు. ఖాళీ కనిపించిందని ఇంకో జత తేకండి. పక్షి అడ్డంగా ఎగురుతుంది కాబట్టి ఎత్తుకంటే పొడవే దానికి మేలు.

కామ్‌రేజ్ ఎండకు పడమటి వైపు నీడ కావాలి. నైరుతి నుంచి వాన జల్లు కొడుతుంది, ఆ మూల మూసేయాలి. తడిసిన కొర్రలు, సజ్జలు బూజు పడితే పక్షులు చచ్చిపోతాయి, వానాకాలంలో గింజలు ఏ పూటకాపూటే వేయాలి. సున్నం కోసం సముద్రపు నురుగు (కటిల్ బోన్) వేలాడదీయండి. కొత్త పక్షిని నెల రోజులు వేరే పంజరంలో ఉంచి చూశాకే మిగతావాటిలో కలపండి. కొనేముందు కామ్‌రేజ్ రోడ్డు మీదే ఉన్న సర్తాణా నేచర్ పార్కుకు పిల్లల్ని తీసుకెళ్లి, ఏ పక్షి ఎలా మసలుతుందో కాసేపు నిలబడి చూడండి.

ఉత్తరాయణ్ గాలిపటాల రోజుల్లో మాంజా దారం కోసుకుని గాయపడిన పావురమో చిలుకో మీ డాబా మీద పడితే జాలితో పక్షిశాలలో వేయకండి. దాని రోగం మీ పక్షులకు అంటుకోవచ్చు, చిలుకైతే చట్టం కూడా ఒప్పుకోదు. గుజరాత్ ప్రభుత్వం ఏటా జనవరిలో కరుణా అభియాన్ పేరుతో పక్షి చికిత్స కేంద్రాలు నడుపుతోంది. 1962 నంబరుకు ఫోన్ చేసి వాళ్లకు అప్పగించండి.