స్త్రీవేషము: రంగస్థలమునను, వీథిలోను

శ్రీరామనవమి వెళ్ళిన కొలది దినములకు ఖమ్మమునుండి కొత్తగూడెము మీదుగా భద్రాచలము చేరి, దుమ్ముగూడెము వైపు అడవి యంచున నున్న యొక గ్రామమున మేము చిరుతల రామాయణము చూచితిమి. సీత వేషమును ఇరువదియేండ్ల యువకుడు ధరించెను. పర్ణశాల అచటికి దూరము కాదు. సీతమ్మను రావణుడు ఎత్తుకొనిపోయిన తావు అదియే యని ఆ ప్రాంతపు జనులు నమ్ముదురు. భిక్షాఘట్టము వచ్చుసరికి ముసలమ్మలు కొంగుతో కన్నులు తుడుచుకొనిరి. గొరిగిన మీసపు నీలిచాయ సీతమ్మ పెదవిపై కనబడుచునే యున్నను ఎవ్వరును దానిని లెక్కపెట్టలేదు.

తెల్లవారిన పిమ్మట ఆ యువకుడే, కాటుక పూర్తిగా వదలని కన్నులతో టీ దుకాణమునకు వచ్చెను. అచటి కుఱ్ఱవాండ్రు సినిమాలోని యొక హాస్యగాని వయ్యారపు నడక నడచి ఈలలు వేసిరి. రాత్రి చేతులు జోడించినవారిలో ఇద్దరు ముగ్గురు ఆ గుంపులో నుండిరి.

స్త్రీలు రంగమెక్కని కాలము గనుక పురుషులు ఎక్కిరని చెప్పు సమాధానము సగమే నిజము. 1885 లో ఆరంభమైన సురభి నాటకములలో ఆ కుటుంబముల స్త్రీలే స్త్రీపాత్రలు ధరించుచు వచ్చిరి. అయినను స్థానం నరసింహారావుగారి (1902–1971) సత్యభామను, చిత్రాంగిని, మధురవాణిని చూచుటకు జనులు విరుగబడిరి. 1956 లో వారికి పద్మశ్రీ లభించెను. శ్రీకృష్ణతులాభారమున సత్యభామ అతిశయముతో పాడు ప్రసిద్ధగీతము వారు కూర్చుకొన్నదే యందురు. 1966 నాటి చలనచిత్రమున ఆ పాటను సుశీలగారు పాడగా జమునగారు అభినయించిరి. ఒక పురుషుడు ఊహించిన స్త్రీహృదయమును స్త్రీలే తమదిగా గ్రహించిరన్నమాట. కూచిపూడి భామాకలాపమున వేదాంతం సత్యనారాయణశర్మగారు సాధించినదియు ఇట్టిదే. వారు స్త్రీని వెక్కిరింపలేదు. స్త్రీని అధ్యయనము చేసిరి.

అయితే ఆ మన్ననకు ఒక షరతు గలదు: తెర పడగానే చీర విప్పవలెను. విప్పనివారి గతి వేఱు. నిజాం ప్రభుత్వము 1919 లో చేసిన శాసనము ప్రకారము, నపుంసకులని నమోదైనవారు స్త్రీవేషముతో వీథిలో కనబడినను, బహిరంగముగా ఆడి పాడినను వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. రెండేండ్ల వఱకు చెఱ. స్థానంవారికి చప్పట్లు మ్రోగిన యుగము, ఈ శాసనము పుట్టిన యుగము ఒకటియే. తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దీనిని కొట్టివేసినది 2023 లో!

ఇక సినిమా. 1963 నాటి నర్తనశాలలో రామారావుగారి బృహన్నల యెదుట ఉత్తర శిష్యురాలై నిలుచును. పేడిరూపము అచట పరిహాసమునకు గుఱి కాలేదు. తరువాత కథ మాఱినది. చిత్రం భళారే విచిత్రం (1992), మేడమ్ (1994) వంటి చిత్రములలో నటులు పడిన శ్రమను మేము తక్కువ చేయము; మేమును కడుపుబ్బ నవ్వినవారమే. కాని ఆ నవ్వు పుట్టు చోటు చూడుడు: చీరలో నున్నది మగవాడని మనకు తెలియుట, ఎదుటివానికి తెలియకుండుట. బయటపడుటయే అచట హాస్యము. అంతకంటె హీనమైనవి రెండు నిమిషములు కనబడి తన్నులు తిని పోవు పేరులేని పాత్రలు. చప్పట్లు కొట్టుచు, కన్ను గీటుచు వచ్చు ఆ బొమ్మకు తల్లి లేదు, ఊరు లేదు, మాట్లాడ దగిన మాట యొక్కటి లేదు. టీ దుకాణపు కుఱ్ఱవాండ్రు నేర్చిన నడక దీనిదే.

"సినిమాలు, నాటకములు చూచియే మా పిల్లవాడు ఇట్లైనాడు" అని తల్లిదండ్రులు వాపోవుట మేము వినియున్నాము. చూచుటవలననే కోరిక పుట్టునేని, స్థానంవారిని చూచిన ఆంధ్రదేశపు మగవారిలో సగమైనను చీరలు కట్టియుండవలసినది! ప్రదర్శన కోరికను పుట్టింపదు. లోన నున్నదానికి ఒక రూపు నిచ్చును. కుచ్చెళ్ళు ఎట్లు పోయవలెనో, జడ ఎట్లు ముందుకు వేసికొనవలెనో, ఏ పేరుతో తన్ను తాను పిలుచుకొనవలెనో అచట దొరకును. చూచు జనులకు మాత్రము అది మఱియొకటి నేర్పును: ఆ మనిషి ఎదురైనపుడు చేతులు జోడించుటయా, ఈల వేయుటయా యనునది. మా విమర్శ ఈ రెండవ పాఠమును గూర్చినది. 2014 లో సుప్రీంకోర్టు తమ లింగమును తామే చెప్పుకొను హక్కును గుర్తించినది. ఈలను ఏ కోర్టు ఆపగలదు?

బస్సు కొఱకు వేచియుండగా ఆ యువకుని పలుకరించితిమి. అతడు తన్నుగూర్చి ఎక్కువ చెప్పలేదు, మేమును అడుగలేదు. "వేషం ఉన్నంతసేపు నన్నెవ్వరూ ఏమీ అనరండి" అని మాత్రము పలికెను. ఈ యేడు చందాలు సరిగా రాలేదట. వచ్చే నవమికి రామాయణము మాని రికార్డింగు డాన్సు పెట్టింతుమని పెద్దలు అనుచున్నారట. అది నిజమేనా, మీకేమైనా తెలిసినదా అని అతడు మమ్మే అడిగెను.