సాముదాయిక కుడ్యచిత్ర నిర్మాణము: అనుబంధ చతుష్టయ పరిశీలనము

పూర్వ శాస్త్రకారులు గ్రంథారంభమున అనుబంధ చతుష్టయమును చెప్పుట ఆచారము. ఈ గ్రంథమునకు విషయ మేమి? ప్రయోజన మేమి? విషయమునకును గ్రంథమునకును గల సంబంధ మెట్టిది? దీనిని చదువుటకు అధికారి యెవడు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనిన పిమ్మటనే వారు గంటము పట్టెడివారు. గ్రంథము నచ్చనివాడు దానిని మూసివేయవచ్చును. వీథిలోని గోడను మూయుట ఎవరికిని సాధ్యము కాదు. దానిపై వ్రాసిన బొమ్మను ఇష్టపడినవాడును, ఇష్టపడనివాడును ప్రతిదినము చూడవలసినదే. కావున ఈ నాలుగు ప్రశ్నలు గ్రంథమునకంటె గోడకే ఎక్కువ అవసరములు.

ఒక వీథివారో, పాఠశాలవారో, సంఘమువారో కలసి ఆలోచించి, కలసి వ్రాసి, కలసి కాపాడుకొను బొమ్మ సాముదాయిక కుడ్యచిత్రము. బెంగళూరు గోడలపై గత రెండు దశాబ్దములలో ఇట్టి చిత్రములు అనేకము వెలసినవి. వానిని గురించిన ప్రశంస తరచుగా రంగులకును, రేఖలకును పరిమితమగుచున్నది. చిత్రకారుని చేతిని మెచ్చుకొనుట తప్పు కాదు. కాని ఇట్టి చిత్రము యొక్క జయాపజయములలో అధికభాగము కుంచె తడియక మున్నే నిర్ణయమగును. తక్కిన భాగము రంగు ఆరిన పిమ్మట నిర్ణయమగును. ఈ రెండు దశలను విచారింపని విమర్శ అర్ధవిమర్శయే.

బెంగళూరు తెలుగువారికి ఈ విషయమున సమీప దృష్టాంతము లేపాక్షి. నగరమునకు ఉత్తరముగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున, హిందూపురమునకు చేరువనున్న వీరభద్రాలయమును అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) పెనుగొండ రాజోద్యోగి యగు విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు విస్తరింపజేసిరి. కెంపేగౌడుడు 1537లో బెంగళూరు నగరమును స్థాపించెననుట ప్రసిద్ధము. అనగా ఈ నగరమును, ఆ చిత్రములును ఇంచుమించు సమవయస్కములు. ఒకే సామ్రాజ్యపు నీడలో పుట్టినవి.

లేపాక్షి మండపముల కప్పులపై కిరాతార్జునీయము, పార్వతీ కల్యాణము, ద్రౌపదీ స్వయంవరము, వటపత్రశాయి, మనునీతి చోళుని కథ మొదలగునవి చిత్రితములై యున్నవి. సున్నపు పూతపై కావి, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ వన్నెలు ప్రధానములు. పాత్రలు పురాణములవి, వారి వస్త్రములపై అంచులు, చుక్కలు, పువ్వులు మాత్రము విజయనగర కాలపు నేతగాండ్రవి. చిత్రము వ్రాయించిన సోదరులు సైతము పొడవైన కుళ్లాయిలు ధరించి, పరివారముతో దైవమును సేవించుచు కప్పుపై కనబడుదురు. విషయము చూపరు లెరిగినది, ప్రయోజనము భక్తి, సంబంధము సుస్పష్టము, శివాలయమున శివకథ. ఇక అధికారి యెవరు? ఆనాటి ఆలయములలో అందరికిని ప్రవేశముండెనని చెప్పుట చరిత్ర కాదు. ధనము నిచ్చినవారి రూపము కప్పు నెక్కినది. సున్నము నూరినవారి పేరును, కుంచె పట్టినవారి పేరును లోకమునకు తెలియరాలేదు. కావున లేపాక్షి చిత్రకళకు గొప్ప ఉదాహరణమే యైనను, నేటి అర్థమున సాముదాయిక చిత్రమునకు సంపూర్ణమైన ఉదాహరణము కాదు.

అయినను సాముదాయిక కార్యమునకు కావలసిన ఒక పాఠమును జనశ్రుతి అచ్చటనే భద్రపరచినది. రాజు లేనప్పుడు విరూపణ్ణ అనుమతి లేక కోశధనమును ఆలయమునకు వ్యయపరచెననియు, రాజశిక్షకు మున్నే తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు స్థానికులు చెప్పుదురు. గోడపై రెండు ఎఱ్ఱని మరకలను చూపుదురు. కల్యాణమండపము అసంపూర్ణముగా నిలిచిపోయినందుకు ఇదియే కారణమందురు. కెంపేగౌడుని గురించియు ఇట్టి కథ కలదు: అనుమతి లేక నాణెములు ముద్రించినందున ఆతడు ఆనెగొందిలో చెరయనుభవించెనట. ఇవి చరిత్రయో, కాదో యను వాదము వేరు. ప్రజాధనముతో గోడ కట్టువాడు ప్రజలకు లెక్క చెప్పవలెను, అనుమతి పొందవలెను అను ధర్మమును జనులు కథారూపమున నిలుపుకొనిరనుట మాత్రము స్పష్టము. కావున పూర్వుల చతుష్టయమునకు ఆయవ్యయ మను ఐదవ దానిని చేర్చుట అవసరము.

ఈ కొలతతో బెంగళూరు గోడలను చూచినచో వాని గుణదోషములు వేరుగా కనబడును. 2009లో అప్పటి బృహత్ బెంగళూరు మహానగర పాలికె నగరపు గోడలపై కర్ణాటక స్మారకములను, వన్యమృగములను, సంస్కృతిని చిత్రింపజేసెను. గోడలపై ప్రకటనపత్రములు అంటించుటను, గోడలను మలినపరచుటను మాన్పుట దాని ఉద్దేశము. ఫ్లెక్స్ ముద్రణ వచ్చినందున జీవనము కోల్పోయిన సినిమా బోర్డుల చిత్రకారులకు ఆ కార్యము పని కల్పించినది. ఈ గుణమును విస్మరింపరాదు. విషయము కలదు, ప్రయోజనము కలదు, లోపించినది సంబంధము. దీనిని పరీక్షించుట సులభము. ఒక వీథిలోని బొమ్మను ఊహలో మరొక వీథికి మార్చి చూడవలెను. మార్చినందున ఏమియు నష్టము లేనిచో ఆ బొమ్మకు ఆ గోడతో సంబంధము లేదు. హంపి రథము ఏ గోడపైనైనను హంపి రథమే. దానిని ఎదుటి ఇంటివారు తమదిగా భావించి కాపాడుటకు వేరొక కారణము కావలెను.

ఇంచుమించు అదే కాలమున, 2010లో, ‘ది అగ్లీ ఇండియన్’ అను పేరుతో బెంగళూరు స్వచ్ఛంద సేవకులు దీనికి విలోమమైన మార్గమును పట్టిరి. వారు తమ పేర్లు చెప్పుకొనరు. మాటలు కట్టిపెట్టి పని చేయుమనుట వారి నియమము. చెత్త కుప్పను తొలగించి, కాలిబాటను బాగుచేసి, గోడ క్రిందిభాగమునకు ఎఱ్ఱ రంగు పూయుదురు. పైవంతెనల స్తంభములపై జ్యామితి రూపములను వ్రాయుదురు. ఎఱుపు తాంబూలపు మరకలను కనబడనీయదు. జాజు, సున్నపు పట్టెలతో ఇంటి అరుగులను అలంకరించు తెలుగువారికి ఈ యుక్తి కొత్తది కాదు. ఇచ్చట సంబంధము దృఢము, ఆయవ్యయము స్వల్పము. విషయము మాత్రము బుద్ధిపూర్వకముగా విడువబడినది. త్రికోణములకు భాష లేదు, కులము లేదు. కావున తగవు లేదు. కాని తగవునకు వెఱచి కథను విడుచుట అన్నివేళల సరియైన మార్గము కాదు. స్తంభము శుభ్రమైనది, అచ్చట నివసించువారు ఎవరో అది చెప్పదు.

2016లో బెంగళూరులో పూర్ణిమా సుకుమార్ ఆరంభించిన అరవాణి ఆర్ట్ ప్రాజెక్టు మూడవ మార్గమును చూపినది. ట్రాన్స్‌జెండర్ మహిళలు కుంచె పట్టి, తమ ముఖములను తామే నగరపు గోడల నెక్కించిరి. వీథిలో తమవంక సూటిగా చూడనివారి యెదుట ఆ ముఖములు నిలిచి చూచుచున్నవి. ఈ చిత్రములలో చిత్రితులును, చిత్రకారులును ఒక్కరే. లేపాక్షిలో లోపించిన అధికారనిర్ణయము ఇచ్చట సిద్ధించినది. ఒకరి బాధను మరొకరు అందముగా వ్రాయుట దయ. ఎవరి కథను వారు వ్రాయుట అధికారము. సాముదాయిక చిత్రమునకు ప్రాణము ఈ రెండవదే.

దేశాంతర దృష్టాంతములు రెండు ఈ నిర్ణయమును బలపరచును. లాస్ ఏంజిలిస్ నగరమున జూడిత్ బాకా 1976లో వరదకాలువ గోడపై ఆరంభించిన మహాకుడ్యచిత్రమున 400 మందికి పైగా యువజనులు పాల్గొనిరి. కొన్ని వేసవులలో భాగములు భాగములుగా సాగి, అది సుమారు అర మైలు పొడవు పెరిగినది. చరిత్రకారులతో ముచ్చటించి, నమూనా గీసి, పిమ్మటనే గోడ నంటుట వారి పద్ధతి. షికాగోలో 1967లో నల్లజాతి చిత్రకారులు వ్రాసిన ‘గౌరవ కుడ్యము’ అమెరికాలో వీథిచిత్రోద్యమమునకు నాంది యయ్యెను. కాని ఆ కట్టడము 1971లో అగ్నిప్రమాదమునకు గురియై పిదప కూల్చివేయబడినది. చిత్రము సముదాయముది, గోడ పరులది. గోడ ఎవరిదను ప్రశ్న ఆదిలోనే తేలవలె ననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఈ పరిశీలనము వలన కార్యక్రమ మొకటి ఏర్పడుచున్నది. మొదటి పని గోడపరీక్ష. చెమ్మ ఎచ్చటినుండి వచ్చుచున్నది, పైన వాననీరు జారు చూరు కలదా, మధ్యాహ్నపు టెండ ఎంతసేపు పడును అనునవి చూడవలెను. చెమ్మగోడపై ఎంతటి చిత్రకారుని బొమ్మయైనను పొట్టు లేచును. కొత్తగా పూసిన సిమెంటు నాలుగు వారములైన ఆరవలెను. బెంగళూరులో జనవరి మొదలు మార్చి వరకు వానలు తక్కువ గనుక ఆ నెలలు అనుకూలములు.

రెండవది అనుమతి. 1981 నాటి కర్ణాటక శాసనము బహిరంగస్థలములను అనుమతి లేక వ్రాతలతో వికృతపరచుటను నిషేధించుచున్నది. 2025 సెప్టెంబరులో పూర్వపు మహానగర పాలికె స్థానమున ఐదు నగర పాలికలు ఏర్పడినవి గనుక, గోడ ఏ పాలిక పరిధిలోనిదో ముందుగా తెలిసికొనవలెను. సొంతదారుని సమ్మతి నోటిమాటగా గాక, వ్రాతమూలముగా నుండవలెను. ఎన్ని సంవత్సరములు చిత్రమును చెరపరాదో అందు నిర్దేశింపవలెను.

మూడవది విషయనిర్ణయ సభ. దీనికి సంఘసభ్యులతోపాటు గోడ కెదురుగా నివసించువారిని, అచ్చట పూలు, కూరలు అమ్ముకొనువారిని, చెత్త యెత్తువారిని పిలువవలెను. ఏ బొమ్మ కావలెనని అడుగుటకంటె, ఈ వీథిలో మీ కేది జ్ఞాపకమని అడుగుట ఫలవంతము. నాలుగవది నమూనా. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గోడ 200 చదరపు టడుగులు. అడుగునకు అంగుళముచొప్పున దానిని 20 అంగుళముల పొడవు, 10 అంగుళముల ఎత్తు గల కాగితముపై గీసి గళ్లు వేసినచో, ఒక్కొక్క గడిని ఒక్కొక్క బాలుడో, బాలికయో గోడపైకి పెంచి వ్రాయగలరు. నాలుగడుగుల ఎత్తు వరకు పిల్లలకు విడిచి, పైభాగమును పరంజాపై అనుభవజ్ఞులు వ్రాయుట క్షేమకరము.

ఐదవది లెక్క. గోడను సిద్ధపరచుటకు, చిత్రరచనకు, సంరక్షణకు వేర్వేరుగా ధనమును కేటాయింపవలెను. సంరక్షణ భాగమును మొదట తీసి దాచనిచో అది ఎన్నడును మిగులదు. చేతిపనివారికి కూలి నీయక సేవయని పిలుచుట సముదాయధర్మము కాదు. ఖర్చుపట్టికను ప్రారంభోత్సవమునాడే అందరికిని కనబడునట్లు పెట్టినచో విరూపణ్ణ కథకు మరల అవకాశముండదు.

ఇది బెంగళూరు తెలుగువారికి ప్రత్యేకముగా ఆలోచనీయము. సంఘభవనముల గోడలపై చిత్రము వేయింపవలెనన్న కోరిక కలిగినప్పుడు, సాధారణముగా తోచునది రాజుల, కవుల ముఖములు వరుసగా నిలుపుట. క్రింద దాతల పేర్లు వ్రాయుట. ఆ మహనీయులు వందనీయులే. కాని ఆ వరుసను హైదరాబాదునకు మార్చినను, విశాఖపట్టణమునకు మార్చినను నష్టము లేదు. అనగా బెంగళూరుతో దానికి సంబంధము లేదు. పైగా పొరుగున నున్న కన్నడిగునకు అది స్పర్ధగా తోచినను ఆశ్చర్యము లేదు. అల్పసంఖ్యాకుల గోడ ఇరుగుపొరుగునకు పిలుపు కావలెను గాని సరిహద్దు రాయి కారాదు.

అందుకు విషయములు కొరవడలేదు. కార్తికమాసపు చివరి సోమవారమున బసవనగుడిలో జరుగు కడలెకాయి పరిషెకు చుట్టుప్రక్కల సీమలనుండి వేరుసెనగ వచ్చును. వేరుసెనగ అనంతపురపు మెట్టచేలకు ప్రాణాధారము. ఆ జాతరలో బస్తాపై కూర్చున్న రైతుయు, కొలిచి పోయించుకొను బెంగళూరు గృహిణియు ఒకే బొమ్మలో ఇముడుదురు. అక్కచెల్లెండ్ర వంటి తెలుగు, కన్నడ లిపుల అక్షరములు ఒక తీగపై పూచినట్లు పిల్లలు వ్రాయవచ్చును. ఇంటిలో తెలుగు పలికి, వీథిలో కన్నడము పలుకు బిడ్డకు ఆ గోడ ఒక పాఠము: రెండు భాషలలో నేదియు రెండవదానికి శత్రువు కాదని. పాఠశాలలో తెలుగు చదువు పిల్లల సంఖ్యతో సంఘములు కలత చెందుచున్న ఈ కాలమున, తాము వ్రాసిన అక్షరమును దారిలో నిత్యము చూచుకొను బిడ్డకు ఆ భాషపై కలుగు మమకారము ఉపన్యాసములవలన కలుగునది కాదు.

కావున సాముదాయిక కుడ్యచిత్రమును విమర్శించువాడు ప్రారంభోత్సవమునాడు తొందరపడి తీర్పు చెప్పరాదు. ఎవరిని అడిగిరి, ఎవరు వ్రాసిరి, లెక్క ఎవరికి చెప్పిరి, ఆ గోడకే ఆ బొమ్మ ఏల అను ప్రశ్నలు వేసి, కొన్ని వర్షాకాలములు గడచిన పిమ్మట మరల పోయి చూడవలెను. రంగు కొంత వెలసియుండవచ్చును. వెలసినచోట ఆ వీథివారే తిరిగి రంగు పూసియుండినచో ఆ చిత్రము సఫలమైనదని నిస్సంశయముగా చెప్పవచ్చును.