‘ఇక చాలు’ అంటే ఆగాలి

హెలికాప్టర్ సముద్రంలో పడితే తేలుతూ కూర్చోదు. ఇంజిన్లు, గేర్‌బాక్స్, రోటర్... బరువంతా నెత్తి మీదే కాబట్టి చూస్తుండగానే తలకిందులైపోతుంది. లోపల బెల్టులతో కట్టేసి ఉన్న మనిషికి పైనేదో కిందేదో తెలియదు. ముక్కులోకి నీళ్లు, కళ్ల ముందు చీకటి. అప్పుడు చెయ్యాల్సింది చెప్పుకోవడానికి చాలా తేలిక. ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకోవాలి. రెండో చెయ్యి బెల్టు బకిల్ మీద ఉండాలి. కుదుపు పూర్తిగా ఆగేదాకా ఓపిక పట్టి, అప్పుడు బెల్టు విప్పి, పట్టుకున్న అంచు ఆధారంగా బయటపడాలి. తొందరపడి ముందే బెల్టు విప్పుకున్నవాడు లోపలే దొర్లిపోయి దారి మరిచిపోతాడు. కుర్చీలో కూర్చుని చదివితే ఇదంతా అరనిమిషం పాఠం. ఒంటికి పట్టాలంటే మాత్రం నిజంగా ముంచాల్సిందే.

అందుకే నేవీలో ఎగిరేవాళ్లను ముంచుతారు. మనకు కొచ్చిలో ఐఎన్ఎస్ గరుడ దగ్గర ఇందుకోసమే కట్టిన వాటర్ సర్వైవల్ ట్రైనింగ్ ఫెసిలిటీ ఉంది. 2023లో గగన్‌యాన్ క్రూ మాడ్యూల్‌ని నీళ్లలోంచి వెలికితీసే ప్రయోగాలు ఇస్రో వాళ్లు మొదలుపెట్టింది అక్కడి కొలనులోనే. అమెరికా నేవీకి ఫ్లోరిడాలోని పెన్సకోలా విమాన విద్యకు పుట్టినిల్లు. రెండో ప్రపంచ యుద్ధం నాటినుంచే అక్కడ కాక్‌పిట్ లాంటి డబ్బాలో కుర్రాణ్ని కట్టి, ఏటవాలు పట్టాల మీదుగా కొలనులోకి జార్చి బోల్తా కొట్టించేవారు. దాన్ని ‘డిల్బర్ట్ డంకర్’ అనేవారు. డిల్బర్ట్ అంటే ఆ రోజుల్లో నేవీ కోసం రాబర్ట్ ఆస్బార్న్ గీసిన కార్టూన్ పైలట్, చెయ్యకూడని తప్పులన్నీ వరసగా చేసే మహానుభావుడు. 1982లో వచ్చిన ‘యాన్ ఆఫీసర్ అండ్ ఎ జెంటిల్‌మన్’ సినిమా చూసినవాళ్లకు ఆ యంత్రం గుర్తుండే ఉంటుంది.

మా వీధి చివరింట్లో నేవీ హెలికాప్టర్ల మీద పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగ నుంచి లేచిన విమానం మా విశాఖ మేడల మీదుగా పోతుంటే, తలెత్తకుండానే చప్పుడు బట్టి అదేదో చెప్పేస్తారు. ‘అన్నేసిసార్లు ముంచారు కదా, భయం పోయిందా బాబాయిగారూ?’ అని ఒకసారి అడిగాను.

‘భయం ఎక్కడికి పోద్ది బాబూ? భయంలో చెయ్యెక్కడ పెట్టాలో తెలుస్తాది, అంతే’ అన్నారు. కాస్త ఆగి, ‘నేను మునిగిన ప్రతిసారీ నీళ్లలో నా పక్కన డైవర్లుండేవోరు. ఆళ్ల కళ్లు నా మీంచి కదిలేవి కావు’ అన్నారు.

ఆ రెండో మాటే ఈ వారం కాలమ్‌కి కారణం. ఎందుకంటే అదే పెన్సకోలాలో, కళ్లు తిప్పుకోమని ఆజ్ఞ ఇచ్చిన రోజొకటి ఉంది.

1988 మార్చి. రెస్క్యూ స్విమ్మర్ స్కూల్. హెలికాప్టర్‌లోంచి సముద్రంలోకి దూకి, మునిగిపోతున్న పైలట్లను పైకి తెచ్చేవాళ్లను తయారుచేసే బడి. నీళ్లలో పడ్డవాడు ప్రాణభయంతో కాపాడొచ్చినవాణ్నే వాటేసుకుని ముంచేస్తాడు కాబట్టి, ఆ పట్టు విడిపించుకోవడం అక్కడ తప్పనిసరి పాఠం. ఇన్‌స్ట్రక్టరే మునిగిపోతున్నవాడిలా వెనకనుంచి వచ్చి పట్టుకుంటాడు. 19 ఏళ్ల ఒక కుర్రాడు ఆ అభ్యాసం మధ్యలో బెంబేలెత్తి, నా వల్ల కాదు, మానేస్తానన్నాడు. ఆ కోర్సులో చేరడం ఎవరిష్టం వారిది, వదిలెయ్యడమూ అంతే. నోటిమాటగా అడిగితే చాలని నిబంధనే ఉంది. దానికి ‘డ్రాప్ ఆన్ రిక్వెస్ట్’ అని పేరు కూడా ఉంది. అయినా ఇన్‌స్ట్రక్టర్లు అతణ్ని మళ్లీ నీళ్లలోకి లాగారు. తోటి కుర్రాళ్లను వెనక్కి తిరిగి నిలబడి జాతీయ గీతం పాడమన్నారు. వాళ్లు పాడుతుండగా ఆ కుర్రాడు కొలనులోనే స్పృహ తప్పాడు, మళ్లీ లేవలేదు. ఇన్‌స్ట్రక్టర్ల మీద సైనిక కోర్టులో విచారణలు నడిచాయి.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నా మనసు ఆ పాట దగ్గర ఆగిపోతుంది. ఎందుకు పాడించారు? పాడేవాడికి అరుపు వినపడదు, వెనక్కి తిరిగినవాడికి ఏదీ కనపడదు. తాను చేస్తున్నది చదువు చెప్పడమేనని నిజంగా నమ్మినవాడు సాక్షుల ముఖాలు తిప్పించడు.

ఆ చావు తర్వాత అమెరికా నేవీ ‘ట్రెయినింగ్ టైమ్ అవుట్’ అనే నియమం పెట్టింది. ప్రమాదకరమైన శిక్షణలో విద్యార్థిగానీ ఇన్‌స్ట్రక్టర్‌గానీ ఆ మాట అన్నా, రెండు చేతులతో ‘టి’ ఆకారం చూపించినా, జరుగుతున్నది అక్కడికక్కడ ఆగిపోవాలి. ఏమైందని అడగాలి, అర్థంకానిది చెప్పాలి, తర్వాతే మళ్లీ మొదలుపెట్టాలి. ఇలా ఆపితే శిక్షణ పసలేకుండా పోతుందని పెదవి విరిచినవాళ్లు ఉండే ఉంటారు, ప్రతిచోటా ఉంటారు. రెస్క్యూ స్విమ్మర్లు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నారు, కోర్సు ఇప్పటికీ కఠినమే.

డంకర్‌కీ ఆ రోజు కొలనులో జరిగినదానికీ కష్టంలో తేడా వెతికితే మనకేమీ దొరకదు. నిజానికి కళ్లకు గంతలు కట్టి డంకర్‌లో తిప్పడమే ఎక్కువ భయంకరం. తేడా ఆ నీళ్లు ఎవరికోసం అన్నదాంట్లో ఉంది. డంకర్ భయం సముద్రం పెట్టిన పరీక్ష. ఇన్‌స్ట్రక్టర్ లేకపోయినా అది ఉంటుంది, అతను చేసేదల్లా ప్రాణానికి భరోసా ఉన్నచోట ముందుగా దాన్ని పరిచయం చెయ్యడం. ఆ మార్చి నెలలో జరిగింది సముద్రానికి సంబంధించింది కాదు, మనుషులది.

నేవీ ఆచారాల మీద నాకు విముఖత లేదు. చిన్నప్పటినుంచి నేవీ ఊళ్లో పెరిగినవాణ్ని, కాస్త మోజు కూడా. మన నేవీలో పదవీకాలం ముగించుకుని వెళ్లిపోయే కమాండింగ్ ఆఫీసర్‌ని వాహనంలో కూర్చోబెట్టి, కిందివాళ్లంతా తాళ్లు పట్టి లాగుతూ సాగనంపుతారు. ఎవరి ఆత్మగౌరవమూ తగ్గని ఆచారం అది. అమెరికా నేవీ ఫ్లయింగ్ స్కూళ్లలో మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన విద్యార్థి టై కత్తిరించేస్తారు. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు. తడిసిన చొక్కా సాయంత్రానికి ఆరిపోతుంది, ఫొటో జీవితాంతం ఉంటుంది.

భూమధ్యరేఖ దాటే ఓడలో చేసే తతంగం వీటన్నిటికీ తాత. మొదటిసారి దాటేవాళ్లు ‘పాలీవాగ్’లు, ఇదివరకే దాటినవాళ్లు ‘షెల్‌బ్యాక్’లు. ఒక పాత నావికుడు గడ్డం తగిలించుకుని సముద్రరాజు నెప్ట్యూన్ వేషం కడతాడు, కొత్తవాళ్ల మీద నేరాలు మోపి తీర్పు చెబుతాడు. 1832 ఫిబ్రవరిలో బీగిల్ ఓడ రేఖ దాటినప్పుడు చార్లెస్ డార్విన్‌కీ ఇది తప్పలేదు. కళ్లకు గంతలు కట్టి, ముఖానికి తారు, రంగు పూసి, ఇనప పట్టీ ముక్కతో గీకి, తెరచాపలో నింపిన నీళ్లలోకి తోసేశారు. తనమీద కాస్త దయ చూపారని ఆయనే డైరీలో రాసుకున్నాడు. 1936లో ఇండియానపొలిస్ యుద్ధనౌక మీద దక్షిణ అమెరికా వెళ్తూ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కూడా నెప్ట్యూన్ దర్బారుకు హాజరయ్యాడు. ఆ ఆచారంలో నాకు నచ్చేది అదే. అధ్యక్షుడైనా సరే, మొదటిసారైతే పాలీవాగే. ఏడాదంతా సెల్యూట్ కొట్టే నావికుడు ఆ ఒక్కపూట ఆఫీసర్‌ని మోకాళ్ల మీద నిలబెట్టొచ్చు. హోదాను తలకిందులు చేసే ఆట అది. తర్వాతి కాలంలో కొన్ని ఓడల్లో అదే ఆట ఫైర్‌హోస్ ముక్కలతో కొట్టేదాకా పోయింది. పైవాణ్ని కిందికి దించడం మానేసి, కిందున్నవాణ్నే ఇంకా కిందికి తొక్కడం మొదలైందన్నమాట.

రెక్కల బ్యాడ్జి విషయమూ అంతే. 1997 జనవరిలో అమెరికా టీవీల్లో రెండు వీడియోలు వచ్చాయి. 1991, 1993లలో మెరైన్ల స్థావరం క్యాంప్ లెజ్యూన్‌లో తీసినవి. పారాచూట్ దూకుళ్లు పూర్తిచేసి బంగారు రెక్కలు సంపాదించుకున్న మెరైన్ల ఛాతీ మీద ఆ బ్యాడ్జి ఆనించి, వెనకుండే సూదులు ఒంట్లో దిగేలా సీనియర్లు గుద్దుతున్నారు. టీషర్టుల మీద నెత్తురు. చూసి దేశం నివ్వెరపోయింది. అప్పుడే పదవిలోకొచ్చిన రక్షణమంత్రి విలియం కోహెన్ గట్టిగా ఖండించాడు. ఇలాంటప్పుడు వినపడే సమర్థన ఒకటుంది: వాళ్లు ఒప్పుకునే చేయించుకున్నారు కదా అని. గదినిండా సీనియర్లు నిలబడి ఉండగా ఒంటరి జూనియర్ తలూపితే అది ఒప్పుకోవడం అవుతుందా?

మా హాస్టల్లోనూ ఇదే సమర్థన నడిచేది. ఊరూ పేరూ ఎందుకులెండి, ఆ రోజుల్లో ఏ కాలేజీ అయినా ఒకటే. సీనియర్ ఎదురైతే తల దించుకుని మన చొక్కా మూడో బటన్ చూస్తూ నిలబడాలి. ‘థర్డ్ బటన్’ అంటే మా తరంవాళ్లకు ఇప్పటికీ మెడ నొప్పెడుతుంది. ఇదంతా మమ్మల్ని రాటుదేల్చడానికేనని చెప్పేవారు. నేను ఏ విషయంలో రాటుదేలానో నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది, అదీ ఆ వీడియోలు బయటపడ్డ ఏడాదే.

విమానం నడిపేవాడికి ఆ థర్డ్ బటన్ చదువు పనికిరాదు సరికదా, ప్రమాదం. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో వైమానిక దళం కుర్రాళ్లతోపాటు నేవీ, కోస్ట్‌గార్డ్ పైలట్లు కూడా శిక్షణ పొందుతారు. అక్కడైనా ఎక్కడైనా ఎగరడం నేర్పేవాడు మొదట నేర్పేది తలెత్తి నలుమూలలా చూడమని, చూసింది పైకి చెప్పమని.

ఈ విషయంలో విమానవాహక నౌకల మీద ఉన్న పద్ధతి నాకు మహా ఇష్టం. డెక్ అంచున నిలబడే ల్యాండింగ్ సిగ్నల్ ఆఫీసర్ కూడా పైలటే. దిగుతున్న విమానం వాలకం నచ్చకపోతే అతను ‘వేవ్ ఆఫ్’ ఇస్తాడు. ఇచ్చాడంటే దిగడానికి వీల్లేదు, మళ్లీ లేచి చుట్టూ తిరిగి రావాల్సిందే. దిగేవాడు తనకంటే ఎన్ని ర్యాంకులు పైవాడైనా సరే. అమెరికా నౌకల్లో అయితే ప్రతి ల్యాండింగ్‌కీ మార్కులు వేసి, రెడీ రూమ్‌లో అందరి ముందూ చదివి వినిపించి, గోడమీద బోర్డులో రంగుల గుర్తులతో పెడతారు. స్క్వాడ్రన్ కమాండర్ మార్కులు కూడా అదే బోర్డులో. నలుగురిలో నామోషీ ఇక్కడా ఉంది, కాదనను. అయితే నామోషీ తప్పుగా దిగినందుకు, జూనియర్‌గా పుట్టినందుకు కాదు.

మాట చెల్లుబాటు కాని చోట ఏమవుతుందో మనం చూశాం. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. విమానం ఉండాల్సినదానికంటే ఎత్తులో వస్తోందని గమనించి, దిగొద్దు, ‘గో అరౌండ్’ అని కో-పైలట్ మూడుసార్లు అన్నాడు. కాక్‌పిట్ రికార్డర్‌లో ఉంది. కెప్టెన్ వినలేదు. కో-పైలట్ కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోలేదు. ఒక ప్రమాదానికి కారణాలు అనేకం ఉంటాయి. ఆ మూడు మాటల్లో ఒక్కటి చెల్లి ఉంటే మిగతావేవీ లెక్కలోకి వచ్చేవి కావు.

మళ్లీ ఆచారాల దగ్గరికొస్తే, సరదా అనే ముసుగు ఎంతదాకా పోతుందో అమెరికా నేవీ పైలట్లు 1991లోనే చూపించారు. లాస్ వేగస్‌లో అప్పట్లో ఏటేటా జరిగే ‘టెయిల్‌హుక్’ సదస్సులో, హోటల్ నడవాకు రెండువైపులా బారులు తీరి దారినపోయే ఆడవాళ్లపై చేతులు వేశారు. 83 మంది స్త్రీలు, ఏడుగురు పురుషులు బాధితులని పెంటగాన్ దర్యాప్తు తేల్చింది. నేవీ మంత్రి రాజీనామా చేశాడు. బారులు తీరి నిలబడటం వాళ్లకు అప్పటికే ‘సంప్రదాయం’. ఇక మన నేవీకి వస్తే, మా ఊళ్లో ఐఎన్ఎస్ డేగలో 2025 జులైలో సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా రెక్కలు అందుకుని, నేవీ ఫైటర్ విభాగంలోకి అడుగుపెట్టిన తొలి మహిళ అయింది. ఆమె సీనియర్లకూ, రేపు ఆమె కింద నేర్చుకునేవాళ్లకూ ఏ ఆచారాలు మిగలాలో, ఏవి పోవాలో తేల్చుకోవాల్సిన బాధ్యత ఆ దళానిదే.

మన ఇళ్లలోంచి హాస్టళ్లకు వెళ్లే పిల్లల సంగతి మాత్రం మనదే. సూట్‌కేసులో పచ్చళ్లు సర్దేటప్పుడే వాళ్ల ఫోన్లో ఒక నంబరు ఎక్కించండి: 1800-180-5522. ర్యాగింగ్ ఫిర్యాదులకు దేశమంతటికీ ఉన్న ఉచిత హెల్ప్‌లైన్ అది, 24 గంటలూ పనిచేస్తుంది. మీ అబ్బాయి ఈ ఏడాది సీనియర్ అవుతున్నాడా? అయితే అతనికి కూడా ఈ నంబరు చూపించండి.